ఉన్నది గీయమన్న మాస్టర్

మొన్న శనివారం పొద్దున డ్యూటీ బస్సు ఎక్కబోతుంటే, స్టోర్‌లో పనిచేసే మలయాళీ ఆయన నా భుజం పట్టుకుని ఆపి "మాస్టర్ ఖలాస్" అన్నాడు. ఇక్కడ సిమెంటు అయిపోయినా ఖలాస్, డ్యూటీ అయిపోయినా ఖలాస్. మనిషి పోయినా అదే మాట. బస్సులో నా పక్క సీటు మాస్టర్‌ది. ఆస్పత్రిలో చేరినప్పటినుంచి, అంటే రెండు వారాలుగా, అది ఖాళీగానే ఉంటోంది.

ఆయన ఫిలిప్పీన్స్ మనిషి. వాళ్ల ఊళ్లో పదిహేనేళ్లు బడిపిల్లలకు బొమ్మలు నేర్పారు. సముద్రం మీద వలలు లాగేవాళ్లను రంగుల్లో వేసేవారట. దోహాలో స్కూలు ఉద్యోగం అని ఏజెంటు కాగితం చూపిస్తే నమ్మి వచ్చారు. దిగాక ఆయన్ను తీసుకెళ్లింది స్కూలుకు కాదు, మా బోర్డుల వర్క్‌షాప్‌కు. జగిత్యాలలో దుకాణాల షట్టర్ల మీద అక్షరాలు రాసుకునే నేను కూడా ఏడాది దాటాక అక్కడికే చేరాను. బొమ్మలు ఆయనవి, అక్షరాలు నావి.

ఆయన మాట ఇంగ్లీషు, అరబ్బీ, హిందీ కలగలిసి ఉండేది. ఇక్కడ తెలుగులో పెడుతున్నాను. అన్నిటికంటే ఎక్కువగా వాడిన మాట మాత్రం "షూఫ్". చూడు అని అర్థం. చూశాను మాస్టర్ అంటే, "లేదు సదీక్, కళ్లు తెరిచావంతే" అనేవారు. సదీక్ అంటే నేస్తం.

శుక్రవారం భోజనాలయ్యాక క్యాంప్ మెస్సులో ఆరేడుగురం కూర్చునేవాళ్లం. అట్టపెట్టెలు చింపి, వెనకవైపు పెన్సిలుతో గీసేవాళ్లం. మొదటిరోజు ఎవరి ఎడమచెయ్యి వాళ్లను గీయమన్నారు. మాలో ఒక నేపాలీ అతను ఉండేవాడు. ఇనుము కోసే మిషన్‌లో అతని ఎడమ చూపుడువేలు సగం పోయింది. అతను ఐదు వేళ్లూ నిండుగా గీశాడు. మాస్టర్ అతని చెయ్యి తన చేతిలోకి తీసుకుని ఒక్కో వేలూ తాకుతూ లెక్కపెట్టారు. "ఉన్నది గీయి" అన్నారు మెల్లగా. అతను తుడిచి మళ్లీ గీశాడు. ఆ సగం వేలు గీయడానికి అతనికి గంట పట్టింది.

పోయిన ఏడాది దోహా పక్కన అల్ వక్రాలో పని నడుస్తుండగా మా రూమ్‌లో ఉండే గంగారాం పరంజా మీదనుంచి పడి చనిపోయాడు. మా ఊరివాడే. ముఖం చూసే స్థితిలో లేదు, శవపెట్టె తెరవొద్దని ఇంటికి చెప్పించాం. తల్లిదండ్రులకు చివరిచూపు లేకపోయెనే అని, మాస్టర్‌ను బొమ్మ గీసివ్వమని అడిగాను. ఒక పాస్‌పోర్టు ఫొటో ఇచ్చాను. ఆయన అది పక్కనపెట్టి మా రూమ్‌కు వచ్చి, గంగారాం మంచం అంచున కూర్చుని అడగడం మొదలుపెట్టారు. మావాళ్లు చెప్పేది నేను హిందీలో చెబుతున్నాను.

"నవ్వితే ఎట్లుండేవాడు?"

"నవ్వుడు తక్కువ మాస్టర్. నవ్వితే ఎడమ దవడకు సొట్ట పడుతుండె."

"తిండి సరిగా తినేవాడా?"

చివరికి వంట చేసే పెద్దాయన అన్నాడు: "వచ్చినప్పుడు మంచిగుండె. ఈ ఏడాది చానా బక్కగయిండు. కండ్లు లోపలికి పోయినయి."

వాళ్లు చెప్పింది చెప్పినట్టే గీశారు. నీలం డ్యూటీ చొక్కా, ఎండకు మాడిన మెడ, లోతుకు పోయిన కళ్లు. అచ్చం గంగారామే. నాకు భయమేసింది. "కొంచెం నిండుగా చేయండి మాస్టర్, ఒక కోటు వేయండి" అని బతిమాలాను.

"వారమంతా బోర్డుల మీద అబద్ధాలే గీస్తాను. నిన్నటి మాంసానికి తాజా ఎరుపు వేస్తాను. శుక్రవారం కూడా అబద్ధమేనా?" అన్నారు.

బొమ్మ పంపాం. రెండు నెలలకు గంగారాం తండ్రి ఎవరితోనో ఉత్తరం రాయించాడు. మా ఊళ్లో గల్ఫ్ ఎక్కడైనా దుబాయే. "బొమ్మ ముట్టింది. మా పోరడే. దుబాయ్‌ల కడుపునిండ తింటున్న అని రాస్తుండె. గింత బక్కగయిండని మాకు ఒక్కలన్న చెప్పకపోతిరి. వాళ్లమ్మ బొమ్మ ముంగట అన్నం పెట్టుకొని కూసుంటున్నది."

మాస్టర్‌కు హిందీలో చదివి వినిపించాను. మళ్లీ చదవమన్నారు. నాకు కోపం ఆగలేదు. "చెప్పాను కదా మాస్టర్! కోటు వేస్తే మీ సొమ్మేం పోయేది?" అన్నాను. ఆయన బ్రష్ కడగకుండా పక్కన పెట్టి బయటికి వెళ్లిపోయారు. పది రోజులు ఆయనతో మాట్లాడలేదు నేను. బస్సులో పక్కపక్కనే కూర్చుని మాట్లాడలేదు.

పదకొండో రోజు ఆయనే మొదలుపెట్టారు, కిటికీలోంచి బయటికి చూస్తూ. "సదీక్, ఆరేళ్లుగా నేను ఇంటికి ఏం రాస్తున్నానో తెలుసా? స్కూల్లో పిల్లలకు బొమ్మలు నేర్పుతున్నానని. ఒక్కో పిల్లాడికి పేరు కూడా పెట్టాను. వాళ్ల అల్లరి గురించి రాస్తే నా కూతురు నవ్వుకుంటుంది."

ఆ వారమే ఉన్నదంతా ఇంటికి రాసి పోస్టు చేశానని చెప్పారు. జవాబు వచ్చిందో లేదో నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.

ఆ చలికాలమే ఆయనకు దగ్గు పట్టుకుంది. రేకుల షెడ్డులో తలుపులు మూసి రంగు స్ప్రే కొట్టే పని. ముక్కుకు గుడ్డముక్కే అడ్డం. నిచ్చెన నాలుగు మెట్లు ఎక్కితే ఆగి ఊపిరి తీసుకునేవారు. పైభాగం నేను గీస్తుంటే కిందనుంచి చెప్పేవారు. ఇంటికి పంపించమని మేనేజర్‌ను రెండుసార్లు అడిగాం. చేతిలో ఉన్న పని అయ్యాక చూద్దాం అన్నాడు. పని అవుతూనే ఉంది, కొత్తది వస్తూనే ఉంది.

చివరి శుక్రవారం ఆస్పత్రికి వెళ్లాను. ముక్కులో గొట్టం. మంచం మీదనుంచి ఆయనకు కిటికీ కనబడదు. కిటికీ బయట ఎదురుగా ఉన్న గోడ ఏ రంగని అడిగారు. తెలుపు అన్నాను. "షూఫ్" అన్నారు. మళ్లీ చూశాను. పిట్టగోడ నీడ పడ్డచోట నీలంగా ఉంది, అడుగున దుమ్ముకు పసుపెక్కింది, ఎండ పడ్డచోట అసలు రంగే లేదు. అన్నీ చెప్పాను. కళ్లు మూసుకుని విన్నారు. ఇప్పుడు నేను గోడను గోడలాగా చూడలేను. అది ఆయన నాకిచ్చి పోయిన చూపు.

నిన్న మధ్యాహ్నం ఆయన పెట్టె కార్గోకు వెళ్లింది. వేరే పెట్టెలతో కలిసిపోకుండా పేరు పెద్ద అక్షరాలతో రాయమని మేనేజర్ నాకే చెప్పాడు. పాస్‌పోర్టులోంచి ఎత్తిరాసిన చీటీ ఇచ్చాడు. నాలుగు మాటల పేరు ఆయనది. ఐదేళ్లు పక్కన కూర్చున్నవాడిని, పూర్తి పేరు నిన్ననే చదివాను. మోకాళ్ల మీద కూర్చుని, నల్ల ఎనామిల్‌తో, తొందరపడకుండా రాశాను. చివరి అక్షరం అవుతుండగానే పఠాన్ డ్రైవర్ "యల్లా, యల్లా, టైం మాఫీ" అని, పద పద టైం లేదని తొందరపెట్టాడు. ఇంకా ఆరలేదు భాయ్ అన్నాను. అతను తల అడ్డంగా ఊపి, పికప్ వెనక తలుపు వేశాడు. బండి మట్టిరోడ్డు మీదికి తిరిగింది. చక్రాల వెనక లేచిన ఇసుక పెట్టె మీద పడుతూ, ఆ పచ్చి అక్షరాలకు అంటుకుంటోంది.