వాన పడని ఊరి వరస

ఎనభైల్లో చిత్తూరులో వాన లెక్కలు చూసే ఒక చిన్న ఆఫీసుకు కంప్యూటరు వచ్చింది. దాన్ని నడిపే మనిషి కావాలన్నారు. నేను బడి ముఖం చూడలేదు. ఇంట్లో నాయన లెక్కలు నేర్పించాడు. మద్రాసులో కంప్యూటర్ల దగ్గర పనిచేసే అన్న సెలవులకు వచ్చినప్పుడల్లా పలక మీద ప్రోగ్రాములు రాయించాడు. ఆ దయంతా స్వామిదేనని ఇప్పటికీ అనుకుంటాను. ఒక్క సర్టిఫికెట్టూ లేని నాకు వాళ్లు పెట్టే పరీక్షే ఆధారం. ఒక నెల వాన లెక్కల కాగితం చేతికిచ్చి, ఏ ఊర్లో ఎన్ని రోజులు వాన పడిందో మిషనుతో చెప్పించమన్నారు.

అన్న నేర్పిన భాషలో అంకెలను ఒక్కొక్కటిగా కాక వరసలుగా ఇస్తాం. ఒక్కో ఊరికి ఒక్కో వరస. వాన పడిన రోజుకు, ఎంత పడిందో చెప్పే అంకె ఒకటి. వరసలో ఎన్ని అంకెలుంటే అన్ని వాన రోజులు. ఒక ఊరికి ఆ నెలంతా చినుకు లేదు. మా ఇంట్లో బియ్యం కుండను పూర్తిగా ఊడ్చెయ్యం, అడుగున పిడికెడు ఉంచుతాం. ఆ అలవాటో ఏమో, వరసను వట్టిగా వదలడానికి చెయ్యి రాలేదు. ఒక సున్నా పెట్టి, ఎన్ని రోజులో మిషన్ను అడిగాను.

ఆఫీసరుగారు నా వెనక నుంచి తెర మీదికి వంగారు.

"ఈ ఊర్లో ఒక రోజు వాన పడిందా? అది మా అత్తగారి ఊరమ్మా! మొన్ననే పొయ్యొచ్చినా. తాగను నీళ్లు లేక మజ్జిగ పోసినారు."

"ఆ మజ్జిగనే వాన కింద రాసిందేమో సార్" అని అటెండరు నవ్వాడు.

సున్నా కూడా అంకే కదా, మిషను దాన్నీ ఒక రోజుగా లెక్కపెట్టేసింది. తీసేస్తే మరేం పెట్టాలి? ఏమీ రాయకపోతే తప్పని చూపిస్తుంది. గోవిందా అనుకుంటూ కళ్లు మూసుకున్నాను. అన్న మాట గుర్తొచ్చింది.

"మూడు దాకా ఎంచమంటే ఒకటి, రెండు, మూడు ఇస్తాది. సున్నా దాకా ఎంచమను. ఏమీ ఇయ్యదు. అదే ఖాళీ వరస."

అట్లాగే రాసి, వరసను చూపించమన్నాను. తెర మీద ఒక ఖాళీ పంక్తి వచ్చింది, అంతే.

"ఏమ్మా, మిషను చెడగొట్టినావా?"

ఆ వరసలో ఎన్ని రోజులో మిషన్ను అడిగాను. సున్నా వచ్చింది. ఆయన పక్కన కూర్చుని మిగతా ఊళ్లన్నీ కాగితంతో సరిచూడసాగారు. ఆ సేపట్లో విష్ణు నామాలు ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ విడిచానో నాకే తెలియదు. చివరికి కాగితం మడిచి లేచారు.

"రేపట్నుంచి క్యారియరు తెచ్చుకోమ్మా. ఈడ దగ్గర్లో హోటలు యాడా లేదు."

ఆయన లోపలికి వెళ్లాక, ఆ మాటకు అర్థమేమిటని అటెండరును అడిగాను.

"ఇంకేముండాదమ్మా, పనిలో పెట్టుకున్నాడు!"

అప్పటిదాకా కుర్చీ అంచునే కూర్చుని ఉన్నానని అప్పుడు తెలిసింది.