నూకరాజు పొరలు, వాకిట్లో గోడ

ఊళ్లో అడ్డమైనవాళ్ల గురించీ అడుగుతారు గానీ, మా చెల్లెలి కొడుకు నూకరాజు గురించి ఒక్కనాడైనా అడిగార్రా? మన ఒంట్లో కణాలకు సబ్బు బుడగల్లాంటి పొరలుంటాయట. రెండు పొరలు కలిసి ఒకటెలా అవుతాయో కంప్యూటర్లో ఆడించి చూడటమే వాడి ఉద్యోగం. నర్సీపట్నంలో ఇంట్లో కూర్చునే చేసేవాడు.

ఆ ఇంట్లో సగం అన్న తాతబ్బాయిది. అన్నతో పడక వీడు వాకిలి మధ్యన గోడ కట్టించాడు. అప్పట్నుంచి మాటల్లేవు. అన్నకు చెప్పాల్సింది, గోడవతలకి వినబడేలా తన వాటాలో కట్టేసిన గేదెకు చెప్పేవాడు: "ఏటే గేదా, ఆ మోటారు ఆపమని సెప్పు!"

"ఆ పొరలెలా కలుస్తాయిరా?" అని ఓసారి అడిగాను.

"మద్దినున్న నీరు తొలగాలి పెద్దమ్మా. ఆపైన ఏదో ఒకటి ముందు వొంగాలి."

"మరి నువ్వు వొంగరాదేటి?"

"ఆడే వొంగాలి. పెద్దోడు కదేటి!"

మొన్న మాఘంలో నూకరాజు గుండె ఆగి పోయాడు. వాడి వాటా సందులో పాడె తిరగలేదు. తాతబ్బాయి గునపం తెచ్చి గోడ పడగొట్టాడు. తర్వాత గేదె వైపు తిరిగి, "ఏటే, తమ్ముడికి దారిచ్చానని సెప్పు" అన్నాడు.

పోయేనాటికి నూకరాజుకు నలభై నాలుగేళ్లు.