మొక్కలు వద్దన్న సిస్టరమ్మ

సిస్టరమ్మ ఇక లేదన్న కబురు తెల్లారేసరికి మా సంఘం వాట్సాప్ గ్రూపులో వచ్చి ఉంది. నిద్రలోనే పోయిందట. నేను చూసేసరికి దాని కింద చేతులు జోడించిన బొమ్మలు బారులు తీరాయి, మధ్యమధ్య పచ్చటి మొక్కల బొమ్మలు. ఆ మొక్కలను చూసి నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఇన్నేళ్లు ఆమెతో బీడులో తిరిగినవాళ్లే పెట్టారు వాటిని. ఫోను మంచం మీద పడేసి, చెప్పులు వేసుకుని సిస్టరమ్మ ఇంటికి పరుగెత్తాను.

కంపెనీ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి ఆమె. బొగ్గు బాయిలో దెబ్బలు తగిలించుకుని వచ్చినవాళ్లకు ఎందరికో కట్లు కట్టింది. మా బాపు కాలు నలిగినప్పుడు కూడా ఆమే చూసింది. భర్త చిన్న వయసులోనే పోయాడు, పిల్లలు లేరు. క్వార్టర్ ఖాళీ చేశాక మా గల్లీలోనే రేకుల ఇల్లు కొనుక్కుని ఉండిపోయింది. పేరు పెట్టి ఆమెను ఎవరైనా పిలవడం నేను వినలేదు, ఊరందరికీ సిస్టరమ్మే. నర్సు కదా, మెత్తటి మనిషి అనుకునేరు. సూది వేసేటప్పుడు ఏడ్చినవాళ్లను ఇంకా గట్టిగా కసిరేది. ఫోను మాట్లాడుతూ మాట్లాడుతూ తన మాట అయిపోగానే కట్ చేసేది, అవతలివాళ్ల మాట అయిందా లేదా అన్నది ఆమెకు పట్టేది కాదు.

మా కాలనీ దాటాక, చెన్నూరు పోయే దారి పక్కన, గుట్ట కింద ఒక గడ్డిబీడు ఉంది. ఒకవైపు ఓపెన్ కాస్ట్ బొగ్గు గని నుంచి తవ్వి పోసిన మట్టి కుప్పలు, ఇంకోవైపు రోడ్డు. నడుమ మిగిలిపోయిన నేల అది. వానాకాలంలో గడ్డి మోకాలెత్తు పెరుగుతుంది. కుందేళ్లుంటాయి. తీతువులు, కౌజు పిట్టలు నేల మీదే గుడ్లు పెడతాయి. రిటైరయ్యాక సిస్టరమ్మ షుగర్ అని అక్కడికి వాకింగ్‌కు పోవడం మొదలుపెట్టింది. తర్వాత సీసా పెంకులు ఏరడం, ఉచ్చులు పీకడం మొదలుపెట్టింది. ఆ తర్వాత మమ్మల్ని ఇళ్లలోంచి పీకడం మొదలుపెట్టింది. మా సంఘం పుట్టింది అట్లానే, ఎవరూ కూర్చుని తీర్మానం చేయలేదు.

నాకు కాలనీ గేటు దగ్గర జిరాక్స్ దుకాణం ఉంది. ఒక రోజు ఆమె దరఖాస్తు టైపు చేయించుకోవడానికి వచ్చింది. చేతిరాత ముత్యాల్లా ఉంది కానీ విషయం చూస్తే, గుట్ట కింది బీడులో మొక్కలు నాటరాదని.

"సిస్టరమ్మా, గీడ తప్పు పడ్డట్టున్నది. నాటాలని గద?" అన్నాను.

"తప్పేం పడలే పిల్లా. నాటొద్దనే రాసిన. నువ్వు టైపు కొట్టు. సమజ్ కాకపోతే ఆదివారం నాతోని రా."

వెళ్లాను. ఒక బండ మీద కూర్చోబెట్టి నోరు మూసుకోమంది. ఎంతసేపటికీ ఏమీ లేదు. ఇంట్లో బట్టలు నానబెట్టి వచ్చానని నాకు లోపల చిరాకు. లేవబోతుంటే మోచేతి మీద ఒక్కటి కొట్టింది. నా కాలికి మూరెడు దూరంలో గడ్డి విడిపోయి తల్లి కౌజు బయటికొచ్చింది. వెనకాల పిల్లలు, బొటనవేలంత ఉన్నాయి ఒక్కొక్కటి. దారి దాటి మళ్లీ గడ్డిలో కలిసిపోయాయి.

"చూసినవా? గీడ ఏపచెట్టు పెడ్తే దాని మీద కాకి కూసుంటది. కాకి కూసుంటే గీ పిల్లలు మిగుల్తయా? చెట్టు మంచిదే. మంచిదైతే మటుకు అంతట పెడ్తరా?"

నాకు సమజ్ అయింది. బయటివాళ్లెవరికీ కాలేదు, అదే మా గోస.

ఆ దరఖాస్తు పట్టుకుని ఆమె వెంట నేను ఎక్కని ఆఫీసు మెట్లు లేవు. అందరూ మర్యాదగానే కూర్చోబెట్టేవారు. అందరిదీ ఒకటే మాట. "మీది పర్యావరణ సంఘమే కదమ్మా, మీరే మొక్కలు వద్దంటారేంది? ఖాళీ జాగనే కదా!" ఖాళీ అన్న మాట వినగానే సిస్టరమ్మ మెడ నరాలు ఉబ్బేవి. ఒకసారి ఒక పెద్ద సారు ముందు లేచి నిలబడింది.

"సారూ, వార్డుల రెండు మంచాల నడుమ జాగ ఖాళీగనే ఉంటది. ఖాళీగున్నదని ఆడ ఇంకో మంచం ఏస్తరా? మరి స్ట్రెచర్ ఎట్ల పోవాలె?"

ఆ సారు పెద్దగా నవ్వాడు. భలే చెప్పారమ్మా అని చాయ్ తెప్పించాడు. ఆ వానాకాలమే ఆఫీసు తరఫున మొక్కల గుంతలు తవ్వడానికి బీడులో జేసీబీ దిగింది. మెచ్చుకుంటూ మన మాట తీసి పక్కన పెట్టేవాళ్లతో ఏం కొట్లాడాలో నాకు ఇప్పటికీ తెలియదు.

పేపర్లో జిల్లా పేజీలో మా గురించి పడింది, మొక్కలు నాటితే ఊరుకోం అంటున్న పర్యావరణ సంఘం అని. బజారంతా నవ్వింది. మాకు గడ్డి బ్యాచ్ అని పేరు పెట్టారు. ఆటో స్టాండు దగ్గర ఒకతను రోజూ అడిగేవాడు, "ఏం సిస్టరమ్మా, గడ్డి మంచిగ మొలుస్తుందా?" అని. ఆమె ఆగి, కళ్లజోడు సర్దుకుని జవాబిచ్చేది. "మస్తు మొలుస్తుంది బిడ్డా. నువ్వు సుత రారాదు, నీకింత ఏస్త." స్టాండంతా ఘొల్లుమనేది. ఆమె నవ్వేది కాదు. ఇంటికొచ్చాక మాత్రం కడిగిన గిన్నెలే మళ్లీ కడిగేది. ఆమెకేం పట్టదని అందరూ అనుకునేవారు. బాగానే పట్టేది.

నాటిన మొక్కలు ఎండాకాలానికి మాడిపోయేవి. మళ్లీ వానలు పడగానే అవే గుంతలు, కొత్త మొక్కలు, పాత దరఖాస్తు. ప్రతి ఏడూ ఇదే తంతు. విసుగొచ్చి ఒకసారి, "ఊకుందాం సిస్టరమ్మా, మనతోని కాదు" అన్నాను. "పుండు మానుతలేదని కట్టు కట్టుడు బంద్ పెడ్తమా? కోపమొస్తే రానియ్, గా కోపం మీద రెండు తుమ్మ మొలకలు ఎక్కువ పీకు" అంది. బీడులో అంతటా మొలిచి గడ్డిని మింగే సర్కారు తుమ్మను వేరుతో సహా పీకడమే మా ఆదివారం పని. పీకినదాన్ని చేతిలోకి తీసుకుని వేరు కొస తెగిందా లేదా అని చూసేది. తెగితే మళ్లీ తవ్వించేది. నడుముకు పాత యూనిఫాం బెల్టు, కాళ్లకు తెల్ల కాన్వాసు బూట్లు, చేతిలో కర్ర. ఆ కర్రతో ముందు నేలను తడుతూ నడిచేది. పాములకా అని అడిగితే, "పిట్టలకు. మనం వస్తున్నమని చెప్పాలె గద" అనేది.

మాతో తిరిగేవాళ్లలో కంపెనీ బస్సు నడిపే డ్రైవరన్న ఒకడు. ఆమె మీద ప్రాణం పెట్టుకున్న మనిషి. ఒకసారి అతనికి తీతువు గుడ్లు కనబడ్డాయి. ఎవరూ తొక్కకూడదని ఇంటికి పోయి సున్నం తెచ్చి, వాటి చుట్టూ గుండ్రంగా గీత గీసి, నాలుగు రాళ్లు పేర్చి వచ్చాడు. రోడ్డు మీద పోయేవాళ్లందరికీ ఆ తెల్ల గీత కనబడింది. ఏమిటో చూద్దామని దిగారు. సాయంత్రానికి గుడ్లు లేవు. డ్రైవరన్న రెండు ఆదివారాలు ముఖం చాటేశాడు. సిస్టరమ్మే వాళ్లింటికి పోయింది. తిడుతుందనుకుంటే, "నీ పాణం మంచిదే కొడుకా. జర చేతులు కట్టుకోను సుత నేర్వాలె" అని చెప్పి వచ్చింది.

పోయిన ఏడాది ఎట్టకేలకు ఒక మాట దొరికింది. గుట్ట కింది బీడును ఈసారికి వదిలేస్తామన్నారు. కాగితం అడిగితే నవ్వారు. నోటి మాటే. ఆ నోటి మాటకే ఆమె గల్లీలో ఇంటింటికీ లడ్డూలు పంచింది. ఇంకో ఏడు గుంతలు పడకపోతే గడ్డి తనంతట తానే సర్దుకుంటుందని, ఆ ఒక్క ఏడు కాస్తే చాలని చెప్పేది. ఆ ఏడు సగం కూడా గడవకముందే ఆమె పోయింది.

పదకొండో రోజు దినాలు ఆమె ఇంట్లోనే జరిగాయి. ఆమె తమ్ముడు మంథని దగ్గర వరి పండిస్తాడు. పొద్దున్నే ట్రాలీ ఆటో నిండా వేప మొక్కలు వేసుకుని వచ్చాడు. ప్రతి మొక్కకూ అక్క ఫొటో కట్టి ఉంది. నేను వంటల దగ్గర ఉండి గమనించలేదు. భోజనాలయ్యాక చూస్తే మగవాళ్లు లేరు, ట్రాలీ లేదు. ఎక్కడికి పోయారంటే, బీడుకట అని చెప్పారు.

చినుకుల్లోనే పోయాను. అప్పటికే నాలుగైదు గుంతలు పడ్డాయి. గడ్డపార పట్టుకున్నది ఎవరో కాదు, డ్రైవరన్న. చుట్టూ మా సంఘం వాళ్లే, మట్టి తీస్తున్నారు.

"అన్నా, నీకు సుత తెల్వదా?" అని అరిచాను.

డ్రైవరన్న తలెత్తలేదు. "తెల్వక కాదు చెల్లె. ఆమె పేరు మీద ఏమన్న ఉండాలె గద. ఉత్త గడ్డిని చూపెట్టి గీమె సిస్టరమ్మ అని చెప్తమా?"

ఎవరో పెద్దమనిషి, చావు దినాల నాడు లొల్లి ఏందమ్మా అని నన్ను పక్కకు జరపబోయాడు. తమ్ముడు ముందుకొచ్చాడు. అక్క ముక్కే, అక్క గడ్డమే.

"ఏమైంది బిడ్డా? అక్క చెట్ల సంఘం నడుపుతుందనే మాకెరుక. అక్క పేరు మీద నాలుగు చెట్లు సుత పెట్టుకోవద్దా?"

చెప్పాను. మొదటి నుంచి చెప్పాను, కోపంగానే చెప్పాను. ఇవ్వాళ మన చేతులతో మనం నాటితే రేపు వాళ్లొచ్చి, మీరే నాటారు కదా అంటారని, ఆమె తెచ్చిన ఆ ఒక్క మాట కూడా పోతుందని చెప్పాను. ఆయన కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"నాకెన్నడు చెప్పలే అక్క."

"అందరు నవ్విండ్రు కాకా. మీరు సుత నవ్వుతరని చెప్పలేదేమో" అన్నాను. అనకుండా ఉండాల్సింది. ఆయన ముఖం చిన్నబోయింది.

ఆ తర్వాత ఆయన గడ్డిలోకి నడిచి నిలబడ్డాడు. నేనూ పక్కన నిలబడ్డాను. ఒక్క కౌజైనా లేవాలని, ఒక్క తీతువైనా అరవాలని నాకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. ఏదీ రాలేదు. సన్నటి వాన, మోకాలెత్తు గడ్డి, అంతే.

"నాకైతే ఖాళీగనే కనపడ్తుంది బిడ్డా" అన్నాడు చివరికి. "అక్కకు గట్ల కనపడలేదంటే, గది సాలు. ఎత్తుండ్రి మొక్కలు. మా పొలం గట్ల మీద పెట్టుకుంట."

ఆయనకు నమ్మకం కుదిరి కాదు. అక్క వద్దన్నది కాబట్టి. ఇన్నేళ్లలో ఏ ఆఫీసులోనూ దొరకనిది అదే. వచ్చే వానలకు గుంతలు తవ్వడానికి ఎవరో ఒకరు వస్తారు, ఆమె వద్దన్నదని ఆగిపోవడానికి వాళ్లలో ఆమె తమ్ముడు ఉండడు. అది తలుచుకుంటే నాకు ఇప్పుడు కూడా పళ్లు నూరుకోవాలనిపిస్తుంది.

ట్రాలీ వెళ్లిపోయింది. మిగిలినవాళ్లూ ఒక్కొక్కరే వెళ్లిపోయారు. డ్రైవరన్న మోకాళ్ల మీద కూర్చుని మట్టి గుంతల్లోకి తోశాడు. తీసి పక్కన పడేసిన గడ్డి పెళ్లలను వెతికి, వేర్లు కిందికి ఉండేట్టు వాటి మీద పెట్టి, అరచేతులతో ఒత్తాడు. ఏడుస్తూనే ఒత్తాడు. నేను రెండో పక్క నుంచి ఒత్తాను. వాన పెద్దదైంది. లేచి చూసేసరికి గుంతలు ఎక్కడ పడ్డాయో మాకే ఆనవాలు దొరకలేదు. సిస్టరమ్మ గుర్తుగా అక్కడ రాయి లేదు, చెట్టు లేదు, పేరు లేదు. గడ్డి మాత్రం వానకు వంగి, మళ్లీ లేస్తూ ఉంది.