రూతమ్మ ఊళ్లోనే ఉందని రుజువు

1949లో, పోలీస్ యాక్షన్ జరిగిన మరుసటి ఏడు, నేను సికింద్రాబాద్‌లో రాఘవయ్య గారనే ఆడిటరు దగ్గర అసిస్టెంటుగా చేరాను. మోండా మార్కెట్ వెనక ఒక బట్టల దుకాణం పైన ఆఫీసు. గుమాస్తా కంటే ఒక మెట్టు పైన, ఆడిటరు కంటే చాలా మెట్లు కింద నా హోదా. ఉర్దూలో ఉన్న చిట్టాలు చదివి, ఇంగ్లీషు లెక్కలుగా తయారుచేయడం నా పని. మా ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా బడిలో చదువు ఉర్దూలో సాగింది. యూసుఫ్ అనే పేరున్నవాడికి ఆ రోజుల్లో ఉద్యోగం ఇవ్వడానికి చాలామంది వెనకాడారు. రాఘవయ్య గారు వెనకాడలేదు. ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు కూడా.

మరుసటి ఎండాకాలం ఆయన నాకు అప్పగించిన పని డాక్టర్ రూత్ గారిది. బోయిగూడలో ఆమెను అందరూ రూతమ్మ అనేవాళ్లు. అమెరికాలో పుట్టి, మిషన్ ఆసుపత్రికి డాక్టరుగా వచ్చి, ఇక్కడి బడిపంతులును పెళ్లి చేసుకుని, ఆయన పోయాక కూడా ఇక్కడే ఉండిపోయింది. సొంత ఇంట్లో కాన్పుల ఆసుపత్రి నడిపేది, వీధి వైపు గదులు అద్దెకిచ్చేది. ఆ వీధి భాషే ఆమె భాష.

అమెరికా చట్టంలో ఒక విశేషం ఉంది. ఏ దేశమైనా తన గడ్డ మీద సంపాదించినవాడి దగ్గర పన్ను తీసుకుంటుంది. అమెరికా తన పౌరుడు ఎక్కడున్నా లెక్క చెప్పమంటుంది. పరాయి దేశంలో ఏడాది పొడుగునా నిజంగా కాపురమున్నవాళ్లకు, సొంత కష్టంతో సంపాదించిన దాని మీద మినహాయింపు ఉండేది. ఆ కాపురాన్ని రుజువు చేసుకునే భారం మాత్రం పౌరుడిదే. రూతమ్మ ఏటా హాలీ సిక్కాను, అంటే నిజాం రూపాయిని, ఇండియా రూపాయిలోకి, దాన్ని డాలర్లలోకి మార్చి, తానే రిటర్ను రాసి పంపేది. ఈసారి 1948 రిటర్ను మీద అక్కడి పన్నుల ఆఫీసు నుంచి రెండు ప్రశ్నలు వచ్చాయి. మొదటిది: పోలీస్ యాక్షన్‌కు ముందు అమెరికన్లను ఊరు విడిచిపొమ్మన్నప్పుడు మీ పేరు వెళ్లేవాళ్లలో నమోదైంది, మరి ఏడాదంతా అక్కడే కాపురమున్నట్టు ఎలా నమ్మాలి? రెండోది: భవనం, మంచాలు ఉన్నాయి కదా, ఆదాయంలో పెట్టుబడి వాటా ఎంత?

రెండో ప్రశ్న చదివి వినిపించగానే ఆమె నన్ను అడిగింది.

"మంచాలు కాన్పులు చేస్తయా యూసుఫ్? గదే రాయి."

అదే రాశాను, కొంచెం మర్యాద భాషలో.

మొదటి ప్రశ్న దగ్గర రాఘవయ్య గారు ఒక దారి చూపించారు. కొత్త రాజ్యాంగం వచ్చింది, ఇక్కడి పౌరసత్వం తీసుకుని అమెరికా పౌరసత్వం వదిలేస్తే ఈ తలనొప్పి ఇక ముందు ఉండదని. ఆమె శాంతంగానే జవాబిచ్చింది.

"పుట్టిన దేశం నాదే, ఉన్న ఊరు సుత నాదే. లెక్కలు రాయనీకి తక్లీఫ్ అయితుందని ఒకటి పారేస్తనా? వాళ్లు అడిగిండ్రు, నేను చెప్త. కానీ నేను ఊళ్లె లేనంటే మాత్రం ఊకోను."

సరే, ఆమె ఊళ్లో ఉన్నదని ఎవరు చెప్పాలి? పలుకుబడి ఉన్న అధికారి ఎవరైనా ఒక సర్టిఫికెట్ ఇస్తే చాలునని రాఘవయ్య గారు అన్నారు. అటువంటి ఇళ్లలో కూడా ఆమె పురుళ్లు పోసింది. ఆమె ఒప్పుకోలేదు. ఆ సెప్టెంబరులో బలగాలు ఊళ్లోకి వచ్చిన వారం ఏ అధికారీ తన గడప తొక్కలేదని, చూడనివాళ్ల చేత చూసినట్టు రాయించనని చెప్పింది. చూసినవాళ్లు ఆ వారం అక్కడ కన్న తల్లులే. నన్ను వాళ్ల ఇళ్లకు పంపింది.

మోండాలో కూరగాయలు అమ్మే లచ్చమ్మ వెంటనే సరేనంది. జైనబ్బీ సంగతి వేరు. ఆమె భర్త మీద రజాకార్ల కేసు నడుస్తోంది. సాక్ష్యం చెప్పడానికి కచేరీ గడప తొక్కితే పోలీసులు ఆమెనూ ప్రశ్నిస్తారని అన్నదమ్ములు వద్దన్నారు. ఆమెకు జరగగల నష్టం నాకు తెలుసు గనక నేను బలవంతం చేయలేదు. అక్కా, నీ ఇష్టం అని చెప్పి లేచాను. తలుపు దాకా వచ్చి ఆమె అడిగింది.

"బయట కాల్పులు అయితున్నప్పుడు ఆయమ్మ నా మంచం కాడికెళ్లి కదలలే. గది చెప్పనీకి ఎవరి ఇజాజత్ అడగాలె? ఎప్పుడు రావాలె చెప్పు తమ్ముడూ."

ఇద్దరినీ మేజిస్ట్రేటు కచేరీకి తీసుకువెళ్లాను. స్టాంపు కాగితం మీద ప్రమాణం చేసి ఇచ్చే వాంగ్మూలాన్ని అఫిడవిట్ అంటారు. ముందు తెలుగులో రాసి, వాళ్లకు చదివి వినిపించి, ఇంగ్లీషు తర్జుమా జతచేయాలి. అక్కడి పేష్కారు, అంటే కోర్టు గుమాస్తా, కాగితాలు చూసి పక్కకు నెట్టాడు. బజారు ఆడవాళ్ల వేలిముద్రలు అమెరికాలో ఎవడు చూస్తాడని వెటకారంగా అన్నాడు. తరువాత జైనబ్బీ వైపు తిరిగి, నీ మొగుడు ఏ జైల్లో ఉన్నాడని అడిగాడు. ఆమె జైలు పేరు చెప్పి, "ఆయన కేసు ఆయనది. నేను చెప్పే గవాహీ నాది. రాసుకోండ్రి" అంది.

నేను కాగితాలు మళ్లీ అతని ముందుకు జరిపాను. ప్రమాణం చేయించడం మేజిస్ట్రేటు బాధ్యత, సాక్షులను వడపోయడం గుమాస్తా పని కాదు, వద్దనేదేదో కారణంతో సహా రాసివ్వమన్నాను. కారణం రాసివ్వడం కంటే కాగితాలు లోపలికి పంపడమే మేలనుకున్నాడు. లోపల మేజిస్ట్రేటు ఇద్దరినీ విడివిడిగా ప్రశ్నించి ముద్ర వేశాడు.

చలికాలంలో జవాబు వచ్చింది. కాపురం రుజువైనట్టు ఒప్పుకున్నారు, వైద్యం ఆదాయానికి మినహాయింపు ఇచ్చారు. వీధి గదుల అద్దె మాత్రం సొంత కష్టం కాదు గనక పన్ను కట్టమన్నారు. ఆ మాట చట్టానికి సరిపోయిందే. రూతమ్మ కట్టింది. పరాయి దేశంలో కాపురమున్నవాళ్లను ఏటా లెక్క అడగడం మాత్రం అన్యాయమని ఆ పన్నుతో పాటే రాసి పంపింది. ఆ మాటకు జవాబు రాలేదు. జైనబ్బీని పోలీసులు రెండుసార్లు స్టేషనుకు పిలిపించి కూర్చోబెట్టి పంపారు. భర్త విడుదలకు ఇంకా చాలాకాలం పట్టింది.

తరువాత నేను సొంతంగా ప్రాక్టీసు పెట్టాను. పన్నుల ఆఫీసుల్లో పెద్దవాళ్ల సంతకం తెమ్మని అడిగినప్పుడల్లా, ఆ పెద్దవాళ్లు చూశారా అని ఎదురు అడిగేవాణ్ణి. చూసినవాళ్ల చేతనే చెప్పించేవాణ్ణి. కొన్ని కేసులు తిప్పికొట్టారు, అప్పీలుకు వెళ్లాను. అక్కడా కొన్ని ఓడిపోయాను. పద్ధతి మాత్రం మార్చుకోలేదు.