రాజన్న అన్న మాట, నేను చెప్పిన అర్థం

పదకొండేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అబద్ధం కూడా కాదేమో, ఒక మాటకు తప్పుడు అర్థం. చూశారా, ఇప్పుడూ వాదిస్తున్నాను. నోరున్నదాన్నని నాకు పేరు. ఆ నోరే ఒక మనిషి పని పోగొట్టింది.

ఈ అరబ్బు దేశంలో, లుసైల్‌లో మా ఆఫీసు మేనేజరు ఇంగ్లండు మనిషి. తన సొంత బొమ్మ ఒకటి తెచ్చి తగిలించాడు. పద్దెనిమిదో శతాబ్దంలో వాళ్ళ దేశంలో నీటిరంగులతో వేసిందట. గులాబీరంగు గౌనులో ఒకామె, గదిలో ఒంటరిగా కూర్చుని పియానోలాంటిదేదో వాయించుకుంటోంది. ఎండ తగలకూడదని లోపలి నడవలో పెట్టించి, ఆయన సెలవు మీద వెళ్ళాడు.

పెళ్ళికి ముందు కాకినాడలో మా చర్చిలో హార్మోనియం నాదే. ఆ తర్వాత ముట్టుకోలేదు. ఆమెను రోజూ చూడాలనిపించింది. ఆఫీసులో సామాను మోసే రాజన్న చేత బొమ్మను నా బల్ల ఎదుట, కిటికీ వెలుగులో పెట్టించాను. జగిత్యాల వైపువాడు. "ఈమె నీ లెక్క కాదక్కా, చప్పుడే చెయ్యది," అని నవ్వాడు.

రెండు నెలల ఎండకు గులాబీ గౌను వెలిసిపోయింది.

మేనేజరు వచ్చి రాజన్నను నిలదీశాడు. అతనికి ఇంగ్లిష్ రాదు, ఆయనకు ఇక్కడి అరబ్బీ రాదు. నేనే దుబాసీని.

"నీ అంతట నువ్వే మార్చావా అని అడుగుతున్నారు."

"నేనెందుకు మారుస్తనక్కా? నువ్వు చెప్తేనే గద పెట్టిన!" అని ఆయన వైపు తిరిగి చేతులు అడ్డంగా ఊపాడు. "మాఫీ సార్, మాఫీ!"

ఇక్కడి అరబ్బీలో మాఫీ అంటే లేదు, కాదు అని. పనివాళ్ళుండే క్యాంపులో అందరూ మొదటి వారమే నేర్చుకునే మాట.

ఏమంటున్నాడని మేనేజరు అడిగాడు. క్షమించమంటున్నాడని చెప్పాను.

తప్పు మాఫీ చెయ్యమని మనం అనమా? ఉన్న అర్థమే కదా చెప్పాను? ఇలా ఎన్నిసార్లు నన్ను నేను గెలిపించుకున్నానో. అప్పుడు మా ఆయనకు పని లేదు, ఇల్లు నా జీతంతోనే నడిచేది, నిజమే. మరి రాజన్న ఇల్లు ఎవరి జీతంతో నడిచేదో ఒక్కసారైనా ఆలోచించానా? ఆ చేతులు కాదంటున్నాయని చూస్తూ చూస్తూనే చెప్పాను.

వారంలో వీసా క్యాన్సిల్ చేశారు. తను ఒప్పుకున్నట్టయిందని అతనికి తెలియనే తెలియదు. వెళ్ళేముందు, "సారుకు మంచిగ చెప్పినవా అక్కా?" అని అడిగాడు. చెప్పానన్నాను.

అతని నంబరు నా దగ్గరుంది. ఎన్నడూ చెయ్యలేదు. మీకు చెప్పడం తేలిక, మీరు తిరిగి అడగరు.

బొమ్మను ఎండలో పెట్టించింది నేను. ఈ వాక్యం తర్వాత 'కానీ' అని రాయకుండా ఆగడం ఇదే మొదటిసారి.