అవ్వ నిదానంగా అతికిన పడుగు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నాయనను చూడాలంటే మగ్గం గుంత దగ్గరికే పోవాలి. మాది ధర్మవరం, పట్టుచీరలు నేసే ఇల్లు. తెల్లవారకముందే నాయన గుంతలో కాళ్ళు పెట్టి కూర్చునేవాడు. మాకు ఎప్పుడూ కనిపించేది ఆయన వంగిన వీపే. అన్నం కూడా అక్కడికే పోయేది. అమ్మకు కండెలకు పట్టుపోగు చుట్టడంతోనే సరిపోయేది, నాకు జడ వేసే తీరిక లేక పక్కింటి అక్క దగ్గరికి పంపేది. ఎవరిని పిలిచినా "వస్తాండా" అనేవాళ్ళు గానీ వచ్చేవాళ్ళు కాదు. అందులో ఎవరి తప్పూ లేదని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం ఆ మగ్గాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఇది జరిగిన ఏడు నాకు పదేళ్ళు, మా చెల్లెలికి ఐదు. పుట్టినప్పటి నుంచీ దాని గుండెలో రంధ్రం ఉంది. నాలుగడుగులు పరుగెత్తితే చాలు, పెదవులు నీలంగా మారేవి. బెంగుళూరు తీసుకుపోయి ఆపరేషన్ చేయించాలని డాక్టర్లు చెప్పారు. అందుకే నాయన ఎప్పటికంటే రెట్టింపు పని చేస్తున్నాడు. కొత్త పడుగు మీది చీరలు మగ్గం దిగగానే బెంగుళూరు ప్రయాణం అనుకున్నారు. చెల్లెలికి ఇదంతా తెలియదు. అది గుంత అంచున కూర్చుని, నాయన ముఖం తన వైపు ఎప్పుడు తిరుగుతుందా అని చూస్తుండేది. చూసీ చూసీ అక్కడే నిద్రపోయేది.

మా ఇంట్లో మగ్గం ఆగేది పడుగు, అంటే చీర నిలువు పోగులు, అయిపోయినప్పుడే. పాత పడుగు కొసలను మగ్గంలోనే ఉంచి, కొత్త పడుగు పోగులను వాటికి ఒక్కొక్కటిగా అతకాలి. వేలకొద్దీ పోగులు, వెంట్రుక కంటే సన్నం. వేళ్ళకు బూడిద రాసుకుని రెండు కొసలనూ కలిపి మెలిపెట్టాలి. ఈ పనిలో మా వీధి మొత్తానికి మా అవ్వకు సాటి లేరు. నాయనకు కన్నతల్లి కాబట్టి మా ఇంటి పడుగు ఇంకొకరు ముట్టుకోవడం ఆమెకు నచ్చేది కాదు. పొద్దున కూర్చుంటే పొద్దు గూకేసరికి ముగించి లేచేది.

కొత్త పడుగు వచ్చిన రోజు అవ్వ ఎప్పటిలాగే కూర్చుంది. మధ్యాహ్నం దాటినా పావు వంతు కూడా కాలేదు. నాయన వచ్చి చూసి నొసలు చిట్లించాడు.

"కండ్లు సరిగా ఆనవు నాయనా, వయసయింది కదా. నువ్వు యాడికీ పోవద్దు, ఈడే ఉండు. పోగు జారితే పట్టిచ్చాల" అంది అవ్వ.

నాయనకు పాలుపోలేదు. కాసేపు నిలబడ్డాడు, కాసేపు కూర్చున్నాడు, అడ్డపోగు వేసే నాడెను ఊరికే తుడిచి పెట్టాడు. ఇంతలో చెల్లెలు మెల్లగా వచ్చి ఆయన ఒడిలో సర్దుకుంది. ఇద్దరూ గులకరాళ్ళు ఎగరేసి పట్టుకుంటూ అచ్చంగాయలు ఆడారు. నాయన ప్రతిసారీ ఓడిపోయాడు. నవ్వినప్పుడు ఆయన ముందుపళ్ళ మధ్య చిన్న సందు కనిపిస్తుందని నాకు ఆరోజే తెలిసింది.

రెండో రోజూ అలాగే గడిచింది. నాయన చెల్లెలి గోళ్ళు తీశాడు. చిన్నతనంలో పెనుకొండ కొండెక్కి దారి తప్పిన కథ చెప్పాడు. అది ఒకటే ప్రశ్నలు, ఆయన ఒకటే జవాబులు. ఆ రెండు రోజులూ దాని పెదవుల మీద నీలం నాకు కనిపించలేదు. నిజంగా తగ్గిందో, నేను చూడలేదో తెలియదు. సాయంత్రానికి అది రైళ్ళు చూపించమని పట్టుబట్టింది. నాయన సరేనన్నాడు. మరుసటి రోజు పొద్దున్నే స్టేషనుకు పోయి, ప్లాట్‌ఫారం మీద కూర్చుని, వచ్చే రైలూ పోయే రైలూ అన్నీ చూద్దామన్నాడు.

"పోయి రాండి, ఆ కాసేపు పోగులు పట్టియ్యను ఈ పాప ఉంటాది కదా" అని అవ్వ నన్ను చూపించింది.

నాకు ఏడుపొచ్చింది. రెండు రోజుల నుంచీ ఒడి చెల్లెలిదే, కథ చెల్లెలిదే, ఇప్పుడు రైలు కూడా దానిదే. ముఖం ముడుచుకుని మగ్గం వెనక కూర్చున్నాను. నాయన కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు. అప్పుడు చూశాను అవ్వ చేతులను. అవి వాటి అలవాటు కొద్దీ పరుగెత్తుతున్నాయి. చూపు పడుగు మీద కూడా లేదు, వాకిట్లో ఆడుకుంటున్న చెల్లెలి మీద ఉంది. నాయన అడుగుల చప్పుడు వినగానే ఆ వేళ్ళు మళ్ళీ తడబడ్డాయి.

నేను పెరటి గుమ్మం దగ్గరికి పరుగెత్తి నాయనకు చెప్పేశాను. అవ్వకు కళ్ళు బాగానే కనిపిస్తున్నాయని, కావాలనే మెల్లగా చేస్తోందని చెప్పాను. నన్ను మెచ్చుకుంటాడని అనుకున్నాను.

నాయన అవ్వ ముందు నిలబడి నిజమేనా అని అడిగాడు. అవ్వ అబద్ధమాడలేదు, నిజమేనంది. ఆయన మగ్గం వైపు చెయ్యి చూపించాడు.

"నేను ఎవరి కోసం చేస్తాండానమ్మా ఇదంతా? దాని కోసమే కదా!"

"దాని కోసమే చేస్తాండావు నాయనా. దాని దగ్గర ఎప్పుడు ఉండావు?"

నాయన చెప్పులు వేసుకుని బయటికి పోయాడు. మరుసటి రోజు తెల్లవారేసరికి పక్క వీధి నుంచి అతికే ఆడమనుషులు ఇద్దరు వచ్చారు. మధ్యాహ్నానికల్లా పని ముగిసింది. అన్నం కూడా తినకుండా నాయన గుంతలో దిగాడు. చెల్లెలు కొత్త గౌను వేసుకుని గుంత అంచున నిలబడి, రైలు దగ్గరికి ఎప్పుడని అడిగింది.

"చీర దిగినాంక పోదాం తల్లీ" అన్నాడు. ఆయన తల తిప్పలేదు.

ఆ చీర సగమైనా కాకముందే చెల్లెలికి జ్వరం పట్టుకుంది. ఆయాసంతో రొప్పుతుంటే ఆసుపత్రిలో చేర్చారు. అది మళ్ళీ ఇంటికి తిరిగి రాలేదు.

ఆ తర్వాత చాలా రోజులు నేను అవ్వ ముందుకు పోలేకపోయాను. ఒకరోజు ఆమే నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. నేను వెక్కివెక్కి ఏడ్చాను. నా తల తన ఒడిలోకి లాక్కుని, "నువ్వేం అబద్ధం చెప్పలేదు కదమ్మా" అంది. అంతకు మించి ఆ విషయం ఎన్నడూ ఎత్తలేదు. ఆమె తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేదేమో.

మళ్ళీ పడుగు అయిపోయినప్పుడు అవ్వ అతకడానికి కూర్చుంది. నాయన ఎదురుగానే ఉన్నాడు, దూరం పోలేదు. ఈసారి అవ్వ వేళ్ళు ఎక్కడా ఆగలేదు. చూస్తుండగానే పోగు మీద పోగు అతుక్కుపోతోంది. నాయన చాలాసేపు ఆ చేతులనే చూశాడు. చివరికి తల వంచుకుని, "నిదానంగా కానీమ్మా, తొందరేముండాది" అన్నాడు. అవ్వ వినిపించుకోలేదు. పొద్దు గూకకముందే ముగించి, చేతులకంటిన బూడిద కడుక్కుని లోపలికి పోయింది. నాయన మాత్రం గుంతలో దిగలేదు. నన్ను పిలిచి పక్కన కూర్చోమన్నాడు. పొద్దు పూర్తిగా గూకేదాకా ఇద్దరమూ అలాగే కూర్చున్నాం.

ఇప్పుడు నేను హిందూపురంలో ఉంటున్నాను. ఉద్యోగం, ఇల్లు, ఇద్దరు పిల్లలు. నాకూ తీరిక ఉండదు. అయినా పిల్లలు ఏదో చెప్పడానికి వస్తే పొయ్యి ఆపేసి కూర్చుంటాను. పొద్దున్నే టిఫిన్ ఆలస్యమైతే మా ఆయన ఎగతాళి చేస్తాడు. చేయనీ అనుకుంటాను. ఆఫీసులో ఒకరు నిదానంగా పని చేస్తున్నారని ఇంకొకరు వచ్చి చెప్తే, వెంటనే నమ్మి కోప్పడలేను. ఆ నిదానం వెనక ఏముందో అడగాలనిపిస్తుంది.

పిల్లలు అడిగినప్పుడల్లా వాళ్ళను స్టేషనుకు తీసుకుపోయి ఎన్నో రైళ్ళు చూపించాను. నాకు మాత్రం రైలు వస్తుంటే చెల్లెలి కొత్త గౌనే గుర్తొస్తుంది. అవ్వ మా చెల్లెలికి నాయనతో మూడు రోజులు ఇవ్వాలనుకుంది. దానికి అందినవి రెండే. నేను లాగేసుకున్న ఆ మూడో రోజు నా దగ్గరే ఉండిపోయింది.