అక్క సగం పెట్టిన చిమ్మిలి

మారథాన్‌కి తయారవుతున్న మా అమ్మాయి కోసం పొద్దున్నే నువ్వులూ బెల్లమూ మిక్సీలో వేశాను. మూత తీయగానే వచ్చిన వాసనకి అక్క గుర్తొచ్చింది.

అక్క స్కూలు తరఫున దూరపు పరుగు పరిగెత్తేది. తెల్లారగానే పత్తిచేల మధ్య కాలవకట్ట మీద బయల్దేరి, చెమటతో తిరిగొచ్చి, ఉల్లిపాయ నంజుకుంటూ చద్దన్నం తినేది. నేను తన వెనకే పరిగెత్తి, మిరప కల్లం దాటకుండానే కూలబడేదాన్ని.

ఒకరోజు అమ్మ రోట్లో చిమ్మిలి దంచింది. కొత్త చాప మీద కూచున్న అక్క చేతిలో పెద్ద ముద్ద పెట్టి, "తినవే, నడుముకి బలం" అంది. జిల్లా పోటీల కోసమేననుకున్నాను.

"నాకూ పెట్టమ్మా, నేనూ పరిగెత్తాలి."

ఇంటికొచ్చిన ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు. "నీకింకా టైముందిలేవే" అంది పిన్ని. అక్క నవ్వలేదు. తన ముద్ద సగం తుంచి నాకు పెట్టింది.

ఇక అక్కని అందుకోగలనన్న ధీమాతో మర్నాడు కట్ట మీద నిలబడ్డాను. అక్క రాలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ రాలేదు. పెద్దమనిషైన పిల్లకి మా వైపు చిమ్మిలి పెడతారనీ, పెద్దదయ్యాక రోడ్డు మీద పరుగులేమిటని నాన్న మాన్పించాడనీ నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

మా అమ్మాయి రెండు ఉండలు జేబులో వేసుకుని గేటు దాటింది. అక్కకి ఫోన్ చేసి చెప్పాను.

"ఈపాటికి ఎక్కడిదాకా పోయుంటుందే?" అంది.